కోల్డ్ స్ప్రే రాగి పూతలో ఎచింగ్ తరువాత కనిపించే నల్లని గీతలు: సందులా, సరిహద్దులా?

ప్రశ్న
సువర్ణముఖి (ఎంటెక్ విద్యార్థిని, తిరుపతి)

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో మెటీరియల్స్ శాఖలో ఎంటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. అల్యూమినియం మీద కోల్డ్ స్ప్రే పద్ధతిలో (లోహపు పొడిని కరిగించకుండా వాయువుతో అతివేగంగా చిమ్మి అంటించే పద్ధతి) వేసిన రాగి పూత సూక్ష్మ నిర్మాణం నా ప్రాజెక్టు అంశం. రేణిగుంట, గాజులమండ్యం వైపు పారిశ్రామిక వాడల్లో అల్యూమినియం బస్‌బార్‌ను (ఎక్కువ కరెంటు మోసే లోహపు పట్టీని) రాగి భాగానికి బోల్టుతో బిగించిన చోట జాయింటు వేడెక్కడం, తెల్లని పొడి పేరుకోవడం చూశాను. బస్‌బార్ చివరి భాగానికి మాత్రం రాగి పూత వేస్తే ఆ ఇబ్బంది తగ్గుతుందేమో పరిశీలించాలన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది.

పూతను వేరే ఊరిలోని ప్రయోగశాలలో నైట్రోజన్ వాయువుతో వేయించుకున్నాము. బస్‌బార్లకు వాడే 6101 మిశ్రమం సమయానికి దొరకనందున 6061-టీ6 (వేడితో శుద్ధిచేసి గట్టిపరచిన అల్యూమినియం మిశ్రమం) పలకలు తీసుకున్నాము. రాగి పొడి గ్యాస్ అటమైజేషన్‌తో తయారైనది. కణాలు గుండ్రంగా, సగటున 25 మైక్రాన్ల వ్యాసంతో ఉన్నాయి. పూత మందం దాదాపు 0.4 మిల్లీమీటర్లు.

అడ్డుకోత తీసి పాలిష్ చేసి ఆప్టికల్ మైక్రోస్కోపులో చూస్తే పూతలో దాదాపు ఎక్కడా రంధ్రం కనిపించడం లేదు. ఇమేజ్ అనాలిసిస్‌లో పోరాసిటీ (రంధ్రాల వాటా) 0.3 శాతం లోపే వస్తోంది. అదే నమూనాను ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంతో ఎచ్ చేయగానే (ఉపరితలాన్ని రసాయనంతో కొద్దిగా తినిపించగానే) ప్రతి కణం చుట్టూ నల్లని గీత, రాగి అల్యూమినియంతో కలిసే చోట దట్టమైన నల్లని పట్టీ తేలుతున్నాయి. 300 గ్రాముల బరువుతో కాఠిన్యం సుమారు 140 వికర్స్ (వజ్రపు మొనతో అదిమి, పడిన ముద్ర పరిమాణాన్ని బట్టి లెక్కించే ప్రమాణం) వచ్చింది. పలకతో సహా 400 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆర్గాన్‌లో గంటసేపు అనీల్ చేశాక (వేడిలో ఉంచి మెత్తబరచాక) అది 75కు దిగింది. వాహకత మాత్రం 62 శాతం ఐఏసీఎస్ (అనీల్ చేసిన ప్రామాణిక రాగి వాహకతను 100 శాతంగా తీసుకునే కొలమానం) నుంచి 74 శాతానికి మాత్రమే పెరిగింది.

రంధ్రాలు లేవు కనుక కణాలు బాగా అతుక్కున్నాయని రాయవచ్చా? ఆ నల్లని గీతలు ఆక్సైడ్ పొరలా, అతుక్కోని సందులా, లేక కేవలం కణాల సరిహద్దులా? వైవాలో ఎవరైనా ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి అడిగితే నిలబడే సమాధానం నా దగ్గర లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1
నీవా తీరం (చిత్తూరు, మెటలోగ్రఫీ ప్రయోగశాలలో పనిచేసి పదవీ విరమణ పొందినవారు)

అమ్మా, ముందు పాలిష్ చేసిన ముఖం సంగతి చూద్దాం, ఎందుకంటే మీ 0.3 శాతం అన్న అంకె దాని మీదే నిలబడి ఉంది. రాగి మెత్తని లోహం. ఎమరీ కాగితం మీదా, ముతక డైమండ్ పేస్టు మీదా రుద్దేటప్పుడు పైపొర సాగి పక్కనున్న చిన్న సందుల మీదికి పాకి వాటిని కప్పేస్తుంది. కోల్డ్ స్ప్రే పూతలో అసలైన సందులు తరచూ ఒక మైక్రాన్ కంటే సన్నగా, మూడు నాలుగు కణాలు కలిసే మూలల్లో ఉంటాయి కనుక ఈ కప్పడం ఇక్కడ మరీ ఎక్కువ. దీనికి నాకు తెలిసిన నమ్మకమైన మార్గం ఒకటే: తేలికగా ఎచ్ చేసి, ఆ పొరను మళ్లీ చివరి దశ పాలిష్‌తో తీసివేసి, మళ్లీ ఎచ్ చేసి, అంకె మారడం ఆగేవరకు అలా చేయడం. చివరి దశలో కొలాయిడల్ సిలికా వాడితే, వీలైతే వైబ్రేటరీ పాలిషర్ మీద కొన్ని గంటలు ఉంచితే, సాగిన పొర దాదాపు పోతుంది. దీనికి వ్యతిరేకమైన ప్రమాదమూ ఉంది: సరిగా అతుక్కోని కణం పాలిషింగ్‌లో ఊడిపోతే ఆ గుంట రంధ్రంలా లెక్కలోకి వస్తుంది. నమూనాను కోయడానికి ముందే శూన్యంలో ఎపాక్సీ పట్టిస్తే నిజమైన రంధ్రంలో ఎపాక్సీ ఉంటుంది, ఊడిన గుంటలో ఉండదు. అందులో ఫ్లోరసెంట్ రంగు కలిపితే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో గది వేడికే ఎపాక్సీ త్వరగా గట్టిపడి బుడగలు పట్టేస్తుంది కనుక రెజిన్‌ను, మౌల్డును ముందుగా చల్లబరచుకొని తక్కువ పరిమాణంలో కలుపుకోండి. కడగడానికి బోరు నీరు వద్దు. అది ఆరాక మిగిలే ఉప్పు మరకలు ఇమేజ్ అనాలిసిస్‌లో రంధ్రాలుగా లెక్కకొస్తాయి. డిస్టిల్డ్ వాటర్, ఆ తరువాత ఆల్కహాల్, వెంటనే వేడిగాలి.

ఇక గీతలు. ఎచెంట్ లోహాన్ని ఎక్కడ తొందరగా తింటుందో అక్కడ గాడి పడుతుంది, గాడిలో వెలుతురు చెదిరిపోయి మనకు నలుపు కనిపిస్తుంది. ఢీకొన్నప్పుడు కణం అంచున లోహం విపరీతంగా నలుగుతుంది. అక్కడ డిస్‌లొకేషన్లు (పరమాణువుల అమరికలోని లోపాలు) కిక్కిరిసి, గ్రెయిన్లు (కణం లోపలి చిన్న స్ఫటికాలు) కొన్ని వందల నానోమీటర్ల పరిమాణానికి, కొన్ని చోట్ల అంతకంటే చిన్నవిగా నలిగిపోతాయి, విరిగిన ఆక్సైడ్ పొర తునకలు కూడా ఆ వరుసలోనే చిక్కుకుంటాయి. ఇలా శక్తి నిల్వ ఉన్న ప్రాంతం కణం మధ్యభాగం కంటే త్వరగా కరుగుతుంది. కాబట్టి చక్కగా అతుక్కున్న సరిహద్దు అయినా, అతుక్కోని సందు అయినా ఎచింగ్ తరువాత రెండూ నల్లగానే తేలుతాయి. మీరు చూస్తున్న గీతలు కణాల సరిహద్దులే. వాటిలో ఎన్ని బంధాలో, ఎన్ని కేవలం తాకిడులో ఈ చిత్రం చెప్పలేదు. గీత వెడల్పును కొలిచి దాని నుంచి ఏ నిర్ణయానికీ రాకండి, అది మీరు ద్రావణంలో ఎంతసేపు ఉంచారన్నదాన్ని బట్టి మారుతుంది.

రాగి, అల్యూమినియం కలిసే చోట ఉన్న దట్టమైన పట్టీని వేరుగా చూడాలి. ఫెర్రిక్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన ద్రావణం అల్యూమినియాన్ని రాగి కంటే తీవ్రంగా తింటుంది, పైగా రెండు లోహాలూ ఒకే ద్రావణంలో తగిలి ఉన్నందున గాల్వానిక్ ప్రభావంతో (తగిలి ఉన్న రెండు లోహాల మధ్య బ్యాటరీలాంటి చర్యతో) అంచునున్న అల్యూమినియం మరింత వేగంగా పోతుంది. ఆ పట్టీలో ఎక్కువ భాగం మీ ఎచెంట్ తవ్విన కాలువే అయి ఉంటుంది. ఆ అంచును ఎచింగ్‌కు ముందు మాత్రమే, ఎస్‌ఈఎంలో (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో) బ్యాక్‌స్కాటర్డ్ చిత్రంగా (పరమాణు సంఖ్య ఎక్కువైన లోహం ప్రకాశవంతంగా కనిపించే చిత్రంగా) తీయండి. రాగి, అల్యూమినియంల పరమాణు సంఖ్యల్లో తేడా చాలా ఉంది కనుక రెండూ తేటగా విడిపడి కనిపిస్తాయి. మెత్తని అల్యూమినియంలోకి రాగి కణాలు ఎంత దిగబడ్డాయో, అల్యూమినియం వాటి చుట్టూ ఎలా పైకి లేచిందో చూడగలరు.

కాఠిన్యం గురించి ఒక మాట. 140 వికర్స్ ఉన్న లోహం మీద 300 గ్రాముల ముద్ర కర్ణం 63 మైక్రాన్ల దాకా ఉంటుంది, అంటే అది అనేక కణాలనూ వాటి మధ్య సరిహద్దులనూ కలిపి కొలుస్తోంది. 10 గ్రాములతో కొలిస్తే ముద్ర 11, 12 మైక్రాన్లు ఉండి ఒకే కణం లోపల ఇమడగలదు. బరువు తగ్గితే కొలతలో పొరపాటు పెరుగుతుంది, చిన్న ముద్రకు అంకె కాస్త ఎక్కువగా రావడం కూడా సహజమే. కనుక శుద్ధ రాగి ముక్క మీద అవే రెండు బరువులతో కొలిచి పోల్చుకోండి. అక్కడి తేడా కంటే పూతలోని తేడా ఎక్కువగా ఉంటే, పెద్ద ముద్ర కింద కణాలు ఒకదానిపై ఒకటి జారుతున్నాయని అనుమానించవచ్చు.

పోరాసిటీ కొలిచేటప్పుడు పూత పై అంచును విడిగా లెక్కించండి. లోపలి పొరల మీద తరువాత వచ్చిన కణాలు సమ్మెట దెబ్బల్లా పడి వాటిని ఇంకా అదుముతాయి. చిట్టచివర పడిన వరుసలకు ఆ అదుము దక్కదు, అక్కడ సందులు ఎక్కువగా మిగులుతాయి.

సమాధానం 2
ఏర్పేడు పరిశోధకుడు

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ, బంధం, అనీలింగ్ గురించి రాస్తాను.

పూత సాంద్రంగా ఉండడం, కణాలు అతుక్కోవడం వేర్వేరు విషయాలు. మన జిల్లా పొలాల గట్ల మీద సున్నం లేకుండా పేర్చిన రాతి కట్టులో రాళ్ల మధ్య చీమ దూరే సందు లేకపోయినా ఒక రాయిని పట్టి లాగితే చేతికి వస్తుంది. కోల్డ్ స్ప్రే పూతలోనూ వేగంగా వచ్చిన కణం తన కింది రూపానికి తగ్గట్టు వంగి సందు లేకుండా కూర్చోగలదు, అయినా లోహానికి లోహం కలవకపోవచ్చు.

1980ల మధ్యలో నోవోసిబిర్స్క్‌లో అనతోలీ పపీరిన్ బృందం సూపర్‌సోనిక్ ప్రవాహంలో కలిసిన లోహపు కణాలను అధ్యయనం చేస్తుండగా ఒక వేగం దాటాక కణాలు ఉపరితలాన్ని గీరడం మాని దానికి అంటుకోవడం గమనించింది. ఆ సందిగ్ధ వేగం రాగికి సెకనుకు సుమారు 500 నుంచి 600 మీటర్ల మధ్య ఉంటుంది. కణం పరిమాణం, వేడి, దాని మీది ఆక్సైడ్ మందం బట్టి మారుతుంది. కణం కరగదు. ఢీకొనే సమయం కొన్ని పదుల నానోసెకన్లు మాత్రమే. ఆ క్షణంలో అంచున లోహం ద్రవంలా పక్కకు చిమ్ముకొచ్చి రెండు వైపులా ఉన్న ఆక్సైడ్ పొరను చీల్చి తోసివేస్తుంది, కింద బయటపడిన శుభ్రమైన లోహాలు కలుస్తాయి. ఈ చిమ్మడానికి కారణం వేడి వల్ల లోహం అకస్మాత్తుగా మెత్తబడే అడియాబాటిక్ షియర్ అస్థిరత అని 2003లో అసాదీ, గార్ట్‌నర్ తదితరులు వివరించారు. 2018లో హసానీ, షూ తదితరులు ఆ అస్థిరత తప్పనిసరి కాదని, ఢీకొన్నప్పుడు పుట్టిన పీడన తరంగం కణం అంచు నుంచి బయటపడడమే చాలునని వాదించారు. దానిపై ప్రతివాదనలూ వచ్చాయి. మీ థీసిస్‌లో ఈ రెండు వాదాలనూ పేర్కొనండి, తీర్పు చెప్పవలసిన పని మీకు లేదు. మీ నమూనాకు సంబంధించినంతవరకు రెండింటి నుంచీ తేలేది ఒకటే: చిమ్మడం ఎక్కువగా కణం అంచుల వైపు జరుగుతుంది, ఢీకొన్న దిశకు సూటిగా ఉన్న అడుగు మధ్యభాగంలో ఆక్సైడ్ చెదరకుండా మిగిలే అవకాశం ఉంది. అందువల్ల ఒకే సరిహద్దులో కొంత బంధం, కొంత కేవలం తాకిడి ఉండడం మామూలు విషయం.

హీలియం వాడితే ఈ పరిస్థితి మారేది. దాని అణుభారం 4, నైట్రోజన్‌ది 28. తేలికైన వాయువులో ధ్వని వేగం చాలా ఎక్కువ కనుక అదే నాజిల్ నుంచి కణాలు మరింత వేగంతో వస్తాయి. ఖర్చు వల్ల చాలామంది నైట్రోజన్‌నే వేడిచేసి వాడతారు, దాన్ని లోపంగా రాయనక్కరలేదు. వాడిన పీడనం, వాయువు ఉష్ణోగ్రత, నాజిల్ దూరం మాత్రం ఆ ప్రయోగశాల నుంచి అడిగి తీసుకొని తప్పక నమోదు చేయండి. అవి లేని సూక్ష్మ నిర్మాణ చిత్రం మరొకరికి ఉపయోగపడదు.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించినది మీ అనీలింగ్. రాగిని అల్యూమినియం పలకతో సహా 400 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచారు. ఆ వేడిలో అంచున రాగి, అల్యూమినియం పరస్పరం వ్యాపించి సీయూఏఎల్2, సీయూ9ఏఎల్4 వంటి పెళుసైన సమ్మేళనాల పొర కొన్ని మైక్రాన్ల మందాన పెరుగుతుంది. అదే సమయంలో 6061-టీ6 తన టీ6 బలాన్ని దాదాపు పూర్తిగా కోల్పోతుంది. పూత లోపల మాత్రం మేలు జరుగుతుంది: నలిగిన గ్రెయిన్ల చోట కొత్త గ్రెయిన్లు పుట్టి, అనీల్ అయిన రాగికి సహజమైన ట్విన్‌లతో (అద్దంలో ప్రతిబింబంలా అమరిన జంట స్ఫటిక భాగాలతో) పెరిగి, బంధం ఉన్న చోట సరిహద్దు దాటి అవతలి కణంలోకి వెళతాయి. ఆక్సైడ్ మిగిలిన చోట గ్రెయిన్ ఆ గీత దగ్గరే ఆగిపోతుంది. ఎచింగ్‌కు చెప్పలేనిది ఇక్కడ కొంతవరకు తెలుస్తుంది కనుక అనీల్ చేసిన నమూనాకు ఈబీఎస్‌డీ పటం (ఎలక్ట్రాన్ డిఫ్రాక్షన్‌తో గ్రెయిన్ల దిశలను చూపే పటం) తీయించండి. అనీల్ చేయని నమూనా పటంలో అంచుల దగ్గర గుర్తించలేని నల్లని చుక్కలు గుంపులుగా వస్తాయి, అక్కడి వికృతి వల్ల డిఫ్రాక్షన్ నమూనా మసకబారడమే దానికి కారణం. వాటిని రంధ్రాలుగా రాయకండి.

ఆర్గాన్‌కు బదులు హైడ్రోజన్ కలిసిన వాయువు వాడమని ఎవరైనా సూచిస్తే ఒప్పుకోకండి. పొడి మీది కాపర్ ఆక్సైడ్‌తో హైడ్రోజన్ కలిస్తే లోపలే నీటి ఆవిరి పుట్టి సరిహద్దులను విప్పేస్తుంది.

సువర్ణముఖి

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఎచింగ్‌కు ముందు అంచు చిత్రం తీయనేలేదు, ఈ వారంలో తీస్తాను. వాహకత గురించి ఇంకొక సందేహం. బాగా పడిన రాగి పూతలు అనీలింగ్ తరువాత 90 శాతం దాటుతాయని చదివాను. నాది 74 దగ్గరే ఆగింది కనుక బంధం బలహీనంగా ఉందని అనుకోవచ్చా? కొలత 60 కిలోహెర్ట్జ్ ఎడ్డీ కరెంట్ మీటరుతో (లోహంలో సుడి కరెంటు పుట్టించి వాహకతను కొలిచే పరికరంతో) పూత మీద నేరుగా తీసుకున్నది.

సమాధానం 3
ఎన్‌డీటీ రేణిగుంట

అనుకోవద్దు, ఆ కొలతలో మీ అల్యూమినియం కూడా కలిసింది. 60 కిలోహెర్ట్జ్ వద్ద శుద్ధ రాగిలో స్కిన్ డెప్త్ (ఆ సుడి కరెంటు లోపలికి చొచ్చుకుపోయే లోతు) సుమారు 0.27 మిల్లీమీటర్లు, వాహకత తక్కువైన పూతలో అది ఇంకా పెరుగుతుంది. అడుగున ఉన్న లోహం ప్రభావం లేకుండా ఉండాలంటే పూత మందం దానికి రెండున్నర రెట్లకు పైగా ఉండాలి, అంటే కనీసం 0.7 మిల్లీమీటర్లు. మీది 0.4. అడుగున ఉన్న 6061-టీ6 వాహకత 43 శాతం దగ్గర ఉంటుంది కనుక మీ అంకె కిందికి లాగబడుతుంది, పైగా అనీలింగ్‌తో ఆ మిశ్రమం వాహకత కూడా మారింది కాబట్టి ముందు, తరువాత అంకెల తేడాను కూడా పూతకే అంటగట్టలేము. 480 కిలోహెర్ట్జ్ ప్రోబ్ దొరికితే స్కిన్ డెప్త్ శుద్ధ రాగిలో 0.1 మిల్లీమీటరు లోపు ఉంటుంది, అప్పుడు మీ మందం సరిపోతుంది. పూత పై ముఖం గరుకుగా ఉంటే ముందు చదును చేసుకోవాలి.

సమాధానం 4
నీవా తీరం (చిత్తూరు)

ఎన్‌డీటీ మిత్రులు చెప్పినదాన్ని, అనీలింగ్ గురించిన హెచ్చరికను కలిపి చూస్తే రెండింటికీ ఒకే పరిష్కారం కనిపిస్తోంది: పూతను అల్యూమినియం నుంచి విడదీయండి. పలకలో ఎక్కువ భాగాన్ని మిల్లింగ్‌తో తీసేసి, మిగిలిన సన్నని పొరను పది శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కరిగించండి. అల్యూమినియం పోతుంది, రాగి నిలుస్తుంది. ఈ చర్యలో హైడ్రోజన్ వెలువడుతుంది, ద్రావణం తనంతట తానే వేడెక్కుతుంది కనుక ఫ్యూమ్ హుడ్ కింద, దగ్గర్లో మంట లేకుండా, కళ్లద్దాలు, చేతి తొడుగులతో, ఒకరు తోడు ఉండగా చేయండి. చివర మిగిలే నల్లని మసిని మెత్తని బ్రష్‌తో కడిగేయవచ్చు.

అలా విడిపడిన రాగి రేకు నుంచి పట్టీలు కత్తిరించి కొన్నింటిని అలాగే ఉంచండి, కొన్నింటిని ఆర్గాన్‌లో అనీల్ చేయండి. అల్యూమినియం లేదు కనుక పెళుసు సమ్మేళనాల బెడద ఉండదు, 300, 400, 500 డిగ్రీలు మూడూ ప్రయత్నించవచ్చు. ప్రతి రకం నుంచి ఒక పట్టీని వంచి విరిచి, విరిగిన ముఖాన్ని ఎస్‌ఈఎంలో చూడండి. మీ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబిచ్చేది ఈ ముఖమే. అతుక్కోని చోట కణం నున్నని గుండ్రని వీపు చూపుతూ ఊడి వస్తుంది. లోహం లోహంతో కలిసిన చోట సాగి తెగిన చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఒక కణం అడుగు మధ్యభాగం నున్నగా ఉండి దాని చుట్టూ గుంటల వలయం ఉంటే, ఏర్పేడు మిత్రులు చెప్పిన అంచు బంధం మీ కళ్ల ముందు ఉన్నట్టే. గుంటలున్న వైశాల్యం అనీలింగ్ ఉష్ణోగ్రతతో ఎలా పెరుగుతోందో కొన్ని చిత్రాల మీద కొలిచి పట్టికగా ఇస్తే, "బంధం బాగుంది" అన్న వాక్యం కంటే అది ఎంతో బలంగా ఉంటుంది.

వాహకతను ఇవే పట్టీల మీద నాలుగు తీగల పద్ధతిలో (కరెంటుకు రెండు, వోల్టేజికి వేరుగా రెండు తీగలతో) కొలవండి. 50 మిల్లీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల వెడల్పు, 0.4 మిల్లీమీటర్ల మందం ఉన్న శుద్ధ రాగి పట్టీ నిరోధం 20 డిగ్రీల వద్ద 0.43 మిల్లీఓమ్‌లు మాత్రమే. మామూలు మల్టీమీటరు దీన్ని పట్టలేదు. మైక్రో ఓమ్ మీటరు కావాలి, పొడవును వోల్టేజి తీగల మధ్య దూరంగానే తీసుకోవాలి. ఈ కొలత పూత తలానికి సమాంతరంగా వచ్చే వాహకతను ఇస్తుంది. కణాలన్నీ ఢీకొన్న దిశకు అడ్డంగా చదునయ్యాయి కనుక మందం దిశలో కరెంటు ఎక్కువ సరిహద్దులను దాటవలసి ఉంటుంది, అక్కడి విలువ ఇంతకంటే తక్కువే ఉంటుంది. మీ బస్‌బార్ జాయింటులో కరెంటు వెళ్లేది ఆ మందం దిశలోనే. అయితే 0.4 మిల్లీమీటర్ల పూత తన మందంతో కలిపే నిరోధం చాలా కొద్ది, ఆ జాయింటులో నిర్ణాయకమైనది రాగి, అల్యూమినియం కలిసిన అంచు. కాబట్టి జాయింటు గురించి ఏదైనా రాయదలిస్తే, విడదీయని, అనీల్ చేయని మరో నమూనాను వేడెక్కించి చల్లార్చే పరీక్షలకు గురిచేసి ఆ అంచును మళ్లీ చూడండి.

గది ఉష్ణోగ్రతను కొలత పక్కనే నమోదు చేయడం మరవకండి. రాగి నిరోధం ఒక డిగ్రీకి దాదాపు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. మీ ప్రయోగశాలలో 38 డిగ్రీలు ఉన్న రోజున కొలిచి దాన్ని 20 డిగ్రీల ఐఏసీఎస్ ప్రమాణంతో సవరించకుండా పోలిస్తే, పూతలో ఏ లోపం లేకపోయినా నిరోధం ఏడు శాతం ఎక్కువగా కనిపిస్తుంది.